సీఐఏ ఆన్‌లైన్ రీడింగ్ రూమ్: ఫైళ్లతో బతికినవాడి రివ్యూ

అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, తన పాత రహస్య ఫైళ్లని జనం చదువుకోవడానికి ఒక వెబ్‌సైట్‌లో పెట్టింది. ఎలక్ట్రానిక్ రీడింగ్ రూమ్ అనే ఆ సైటుకి నా మార్కులు అయిదుకి మూడున్నర. సరుకుకి అయిదు వేయొచ్చు, సర్దిన తీరుకి రెండు కూడా ఎక్కువే. రుసుము లేదు, లాగిన్ లేదు, ఓటీపీ లేదు. మన దగ్గర చీరల షాపువాడు కూడా బిల్లు కొట్టే ముందు ఫోన్ నంబరు అడుగుతాడు. ప్రపంచం మొత్తం మీద ఆరా తీసే ఈ సంస్థ నన్ను ఏమీ అడగలేదు. అడగక్కర్లేదేమో, అది వేరే సంగతి.

నేను ఒక జిల్లా ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఉద్యోగమంతా నోట్ ఫైలు, కరెంటు ఫైలు మధ్యనే గడిచింది. చివరి రోజుల్లో సమాచార హక్కు దరఖాస్తులకు జవాబులు రాసే పని, శాఖాపరమైన విచారణల్లో ప్రెజెంటింగ్ ఆఫీసరు పని కూడా నా నెత్తినే పడ్డాయి. కాబట్టి ఒక ఆఫీసు మీద ఎంక్వైరీ వచ్చినప్పుడు లోపల ఏం జరుగుతుందో నాకు కొంచెం తెలుసు. ఏ కాగితం ముందు కనబడకుండా పోతుందో, ఎవరికి హఠాత్తుగా జ్వరం వస్తుందో చూశాను. ఈ రీడింగ్ రూమ్‌ని గూఢచారి కథల మీద మోజుతో తెరవలేదు. ఒక ఆఫీసరు ఎంక్వైరీని ఎలా ఎదుర్కొన్నాడో ఫైల్లో చూద్దామని తెరిచాను.

అమ్మాయి వాళ్లది వర్జీనియాలో హెర్న్‌డన్. ఒకరోజు అల్లుడు మెక్‌లీన్ వైపు పనుండి వెళ్తూ నన్నూ కారెక్కించుకున్నాడు. దారిలో బోర్డు కనిపించింది: జార్జ్ బుష్ సెంటర్ ఫర్ ఇంటెలిజెన్స్. అదే సీఐఏ హెడ్డాఫీసు. "ఈయన ఇక్కడ ఎన్నాళ్లు చేశాడు బాబూ?" అని అడిగాను. "ప్రెసిడెంటు కదా మామయ్యా, అందుకని పెట్టుంటారు" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే ఆయన డైరెక్టరుగా చేసింది 1976 జనవరి 30 నుంచి 1977 జనవరి 20 దాకా. ఏడాది కూడా నిండలేదు. ఆయనకి చార్జి అప్పగించి వెళ్లిన మనిషి విలియం కోల్బీ. ఆ సంస్థ చరిత్రలోనే అతి పెద్ద ఎంక్వైరీని కుర్చీలో కూర్చుని ఎదుర్కొన్నది కోల్బీ. బోర్డు మీద పేరు మాత్రం ఆ తర్వాత వచ్చినాయనది. సర్వీసులో ఇలాంటివి చూసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

కోల్బీ ఏమీ గాంధేయవాది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోనూ నార్వేలోనూ జర్మన్ల వెనక పారాచూట్‌తో దిగినవాడు. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో సీఐఏ స్టేషన్ చీఫ్‌గా చేశాడు. తర్వాత అక్కడి పల్లెల్లో కమ్యూనిస్టు కార్యకర్తల్ని ఏరి పట్టుకోవడానికో చంపడానికో పెట్టిన ఫీనిక్స్ కార్యక్రమం ఆయన చేతి మీదుగానే నడిచింది. 1971లో అమెరికా కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) కమిటీ ఆ కార్యక్రమంలో ఎంతమంది చచ్చిపోయారని అడిగితే 20,587 అని చెప్పాడు. ఇరవై వేల పైచిలుకు అనలేదు, ఖచ్చితమైన అంకె చెప్పాడు. ఆ అంకె చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అదే సమయంలో, ఈయన అడిగితే దాచడు అని కూడా అనిపించింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడమే ఈయన్ని చదవడంలో ఉన్న రుచి.

రీడింగ్ రూమ్‌లో మీరు వెతకాల్సింది 'ఫ్యామిలీ జ్యుయల్స్' అనే కట్ట. 702 పేజీలు. దాని పుట్టుక ఇది. 1973 వసంతంలో, ప్రెసిడెంటు నిక్సన్ మనుషులు ప్రతిపక్షం ఆఫీసులో చొరబడిన వాటర్‌గేట్ కేసు విచారణల్లో కొత్త సంగతి ఒకటి బయటపడింది. హోవర్డ్ హంట్ అనే మాజీ సీఐఏ ఉద్యోగి, వియత్నాం యుద్ధ రహస్య పత్రాలు పత్రికలకిచ్చిన డేనియల్ ఎల్స్‌బర్గ్ మానసిక వైద్యుడి ఆఫీసులో చొరబాటు చేయించాడని, దానికి ముందు సీఐఏ నుంచి సామగ్రి సాయం అందిందని తేలింది. అప్పటి డైరెక్టర్ జేమ్స్ ష్లెసింజర్‌కి ఒళ్లు మండింది. మే 9న సంస్థ అంతటికీ ఒక మెమో వెళ్లింది. మన చట్టపరిధి దాటిన పని అని ఎవరైనా అనడానికి వీలున్నది ఇప్పుడు జరుగుతున్నా, గతంలో జరిగినా వెంటనే నాకు చెప్పండి అని దాని సారాంశం. సంతకం ష్లెసింజర్‌ది. డ్రాఫ్టు రాసింది ఆయన కింద పనిచేస్తున్న కోల్బీ.

ఈ మెమోని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆఫీసుల్లో సాధారణంగా వచ్చే సర్క్యులర్ ఇలా ఉండదు. "నియమ నిబంధనలు తు.చ. తప్పక పాటించవలెను" అని ఉంటుంది. దాని కింద అందరూ సంతకాలు పెట్టి ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. మీరు చేసిన తప్పులు మీరే రాసివ్వండి అని అడిగే సర్క్యులర్‌ని నా సర్వీసులో నేను చూడలేదు. దానికి వచ్చిన జవాబుల కట్టే ఈ ఫ్యామిలీ జ్యుయల్స్. చూడండి, ప్రతి సెక్షన్ నుంచీ ఒక్కో రకం. కొందరు 'మా దగ్గర ఏమీ లేదు' అని ముక్తసరిగా రాశారు. కొందరు పక్క సెక్షన్ మీదికి తోశారు. కొందరైతే గుండె ఆగిపోయే విషయాలు అతి మామూలు ఆఫీసు భాషలో, పేరా నంబర్లు వేసి మరీ రాశారు.

ఉదాహరణకి, క్యూబా నాయకుడు క్యాస్ట్రోని చంపడానికి జానీ రోసెల్లీ అనే మాఫియా మనిషిని వాడుకున్న వైనం. యూరీ నోసెంకో అనే సోవియట్ ఫిరాయింపుదారుణ్ణి, విచారణ లేకుండా, ప్రత్యేకంగా కట్టించిన గదిలో ఏళ్ల తరబడి బంధించిన వైనం. సోవియట్ యూనియన్‌కి వెళ్లే ఉత్తరాలు, వచ్చే ఉత్తరాలు న్యూయార్క్‌లో విప్పి చూసి మళ్లీ అతికించిన కార్యక్రమం. ఆ ఒక్కచోటే రెండు లక్షలకి పైగా ఉత్తరాలు విప్పారని తర్వాత కమిటీలు తేల్చాయి. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే అమెరికన్ల మీద 'కేయాస్' అనే ఆపరేషన్. అందులో 7,200 మంది పౌరుల పేరిట ఫైళ్లు, కంప్యూటర్ సూచికలో మూడు లక్షల పేర్లు.

నన్ను ఆపేసింది మాత్రం ఒక చిన్న ఖర్చు. 1970లో నిక్సన్ కంబోడియాలోకి సైన్యాన్ని పంపినప్పుడు వైట్‌హౌస్‌కి ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. వాటికి జవాబులు పంపడానికయ్యే స్టేషనరీ, తపాలా ఖర్చు సీఐఏ నిధుల్లోంచి ఇచ్చారు. మొత్తం 33,655 డాలర్ల 68 సెంట్లు. గూఢచర్యానికీ దానికీ సంబంధమేమిటి? ఏమీ లేదు. ఆ పద్దులో లెక్క అడిగేవాడు లేడు, అంతే. హత్యల కుట్రలు చదివినప్పుడు ఇవన్నీ మనకి తెలియని లోకం అనిపించింది. ఈ 68 సెంట్లు చూశాక మాత్రం అది అచ్చం మన ఆఫీసు లోకమే అనిపించింది. మా దగ్గరా, ఆడిట్ చూడని ఖాతా ఒకటి ఉంటే, పై ఆఫీసర్ల ఇళ్ల కర్టెన్ల దగ్గర్నుంచి అన్నీ దాని మీదికే వచ్చేవి.

ఇక కోల్బీ. 1973 సెప్టెంబరులో ఆయనే డైరెక్టర్ అయ్యాడు. ఆ ఆగస్టులోనే, ఈ పనులన్నీ ఇకమీదట చేయొద్దని సెక్షన్ వారీగా ఉత్తర్వులు ఇచ్చాడు. కాంగ్రెస్‌లో సీఐఏ వ్యవహారాలు చూసే పెద్దలకు కూడా జ్యుయల్స్ సంగతి చెప్పాడు. వాళ్లు విని ఊరుకున్నారు. వాళ్లలో ఒకడైన లూషియన్ నెడ్జీకి ఆ ఊరుకోవడమే 1975లో ప్రతినిధుల సభ దర్యాప్తు కమిటీ అధ్యక్ష పదవి పోగొట్టింది. ఇక్కడ కోల్బీకి నేను మార్కులు కోస్తాను. కాంగ్రెస్ వాళ్లకు చెప్పినవాడు ప్రెసిడెంటుకు చెప్పలేదు. 1974 ఆగస్టులో గద్దెనెక్కిన ఫోర్డ్‌కి ఈ కట్ట సంగతే తెలియదు. కట్ట బీరువాలో ఉంది, తాళం కోల్బీ దగ్గర ఉంది, అంతవరకే. తెలిసిన తప్పుని ఆపి, కాగితాన్ని బీరువాలో పెట్టేస్తే పని అయిపోయినట్టు కాదు. పైకి పుటప్ చేయాలి.

1974 డిసెంబరు 22న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో, సీఐఏ సొంత దేశ పౌరుల మీదే నిఘా పెట్టిందని విలేఖరి సైమూర్ హెర్ష్ కథనం వచ్చింది. దానికి రెండు రోజుల ముందు హెర్ష్ వచ్చి కలిస్తే, కోల్బీ అబద్ధమాడలేదు. మీరు అనుకున్నంత పెద్దది కాదు, కొన్ని తప్పులు జరిగిన మాట నిజమే అన్న ధోరణిలో మాట్లాడాడు. విలేఖరికి అంతకన్నా ఏం కావాలి? ఆ వెంటనే, శత్రు గూఢచారుల్ని కనిపెట్టే కౌంటర్ ఇంటెలిజెన్స్ విభాగంలో ఇరవై ఏళ్లు పాతుకుపోయిన జేమ్స్ ఆంగిల్టన్‌ని సాగనంపాడు. డిసెంబరు 31న న్యాయశాఖకు వెళ్లి, ఈ పనుల్లో నేరాలు ఉండొచ్చు అని డిప్యూటీ అటార్నీ జనరల్ ముందు పెట్టాడు. తన ముందు పనిచేసిన డైరెక్టర్ రిచర్డ్ హెల్మ్స్ చిలీ విషయంలో సెనేట్‌కి పూర్తి నిజం చెప్పలేదన్న ఫైలు కూడా అప్పుడే న్యాయశాఖకు చేరింది. 1977లో హెల్మ్స్‌కి 2,000 డాలర్ల జరిమానా పడింది. రెండేళ్ల జైలు శిక్ష విధించి అమలు నిలిపేశారు. పాత ఉద్యోగులు కోల్బీని ఎందుకు క్షమించలేదో అడగక్కర్లేదు.

1975 మొత్తం ఎంక్వైరీల సంవత్సరం. ఉపాధ్యక్షుడు రాక్‌ఫెల్లర్ కమిషన్ ఒకటి, ప్రతినిధుల సభలో పైక్ కమిటీ ఒకటి, సెనేట్‌లో ఫ్రాంక్ చర్చ్ కమిటీ ఒకటి. చర్చ్ కమిటీని జనవరి 27న 82-4 ఓట్లతో వేశారు. దాని ముందు కోల్బీ పదేపదే హాజరయ్యాడు. సెప్టెంబరు 16 నాటి బహిరంగ విచారణ రికార్డు తప్పక చదవండి. జీవ ఆయుధాల విషాలన్నీ నాశనం చేయమని నిక్సన్ ఆదేశించాక కూడా సీఐఏ ప్రయోగశాలలో దాదాపు 11 గ్రాముల గుల్లచేపల విషం, 8 మిల్లీగ్రాముల నాగుపాము విషం మిగిలి ఉన్నాయి. కోల్బీ వెంట తెచ్చిన వస్తువు బ్యాటరీతో పనిచేసే బాణాల పిస్తోలు. చర్చ్ దాన్ని పైకెత్తి చూపించాడు, ఫోటోగ్రాఫర్లు ఎగబడ్డారు. ఎంత దూరం పోతుందని అడిగితే సుమారు వంద మీటర్లు అన్నాడు కోల్బీ, గొంతు పెంచకుండా. ఈ కార్యక్రమంలో రాతకోతలు చాలా తక్కువ అని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. పిస్తోలు కన్నా ఆ ముక్క నాకు ఎక్కువ భయం కలిగించింది. ఉత్తర్వు నోటిమాటగా వచ్చిందంటే, రేపు ఎవడి మెడకి చుట్టుకోవాలో ఇవాళే నిర్ణయమైందన్నమాట.

ఈయన అన్నీ చెప్పేశాడు, పాదరీ దగ్గర పాపాలు ఒప్పుకున్నట్టు ఒప్పుకున్నాడు అని కొందరు, ద్రోహి అని కొందరు ఇప్పటికీ రాస్తుంటారు. రికార్డు చూస్తే రెండూ నిలబడవు. అదే 1975లో పసిఫిక్ అడుగు నుంచి సోవియట్ జలాంతర్గామిని లేపడానికి కట్టిన గ్లోమార్ ఎక్స్‌ప్లోరర్ ఓడ కథ పత్రికలకు దొరికింది. ఇదే కోల్బీ ఒక్కొక్క ఎడిటర్‌కీ ఫోన్ చేసి, వేయొద్దని బతిమాలి ఆపించాడు. మార్చి 18న జాక్ ఆండర్సన్ బయటపెట్టేదాకా ఆగింది కూడా. అంటే ఆయనకి ఒక గీత ఉంది. పౌరుల మీద చేసిన తప్పుడు పని అడిగితే ఇవ్వాలి. నడుస్తున్న ఆపరేషన్, మనుషుల పేర్లు ఇవ్వకూడదు. ఆ గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం తనే నిర్ణయించుకున్నాడు. ఎంక్వైరీ ఎదుర్కొనే ఆఫీసరు చేతిలో ఉండే అసలు అధికారం అదే. కమిటీకి సమన్లు జారీ చేసే హక్కు ఉంటుంది. కానీ ఏ కాగితం ఎక్కడుందో తెలిసింది బీరువా ముందు నిల్చున్నవాడికే.

ఫలితం ఏమిటి? నవంబరు 2, ఆదివారం పొద్దున్నే వైట్‌హౌస్‌కి పిలిపించి పదవి తీసేశారు. నాటోకి రాయబారిగా పంపుతామంటే వద్దన్నాడు. బుష్ చైనా నుంచి వచ్చి చార్జి తీసుకునేదాకా, అంటే జనవరి ఆఖరుదాకా, ఆ కుర్చీలోనే కూర్చుని పని చేశాడు. తీసేసిన మనిషితోనే హ్యాండింగ్ ఓవర్ దాకా పని చేయించుకోవడం ఆ దేశంలోనూ ఉందన్నమాట. విదేశీ నాయకుల హత్యల కుట్రల మీద చర్చ్ కమిటీ నివేదిక నవంబరు 20న వచ్చింది. క్యాస్ట్రో మీద కనీసం ఎనిమిది కుట్రలని తేల్చింది. 1976 ఫిబ్రవరిలో ఫోర్డ్ రాజకీయ హత్యలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. మేలో సెనేట్‌కి శాశ్వత ఇంటెలిజెన్స్ కమిటీ ఏర్పడింది.

మన దగ్గర కూడా ఇలాంటి సందర్భం ఒకటి వచ్చింది. ఎమర్జెన్సీలో గిరాయిపల్లి అడవిలో విద్యార్థుల్ని కాల్చిన ఘటన సహా ఎన్‌కౌంటర్ల మీద 1977లో జస్టిస్ భార్గవ కమిషన్ వేశారు. బహిరంగంగా మొదలైన విచారణ మధ్యలో తలుపులు మూసుకుంది, పౌరహక్కుల వాళ్లు తప్పుకున్నారు. నేనప్పుడు కుర్రవాణ్ణి, పేపర్లో చదివిన గుర్తు. దాని కాగితాలు చదువుదామంటే ఇలా ఇంట్లో కూర్చుని తెరిచే రీడింగ్ రూమ్ నాకు కనబడలేదు.

సరే, సర్వీసు సంగతికి వద్దాం. ఒకప్పుడు ఈ కాగితాల్లో ఎక్కువ భాగం మేరీల్యాండ్‌లో కాలేజ్ పార్క్ అనే ఊళ్లో ఉన్న అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో, నాలుగే నాలుగు కంప్యూటర్ల మీద చూడాల్సి వచ్చేది, అదీ పనివేళల్లో. ప్రభుత్వ కాగితాల కోసం దరఖాస్తులు వేసే మక్‌రాక్ అనే సంస్థ వాళ్లు కేసు వేశాక, ఒత్తిడి పెరిగాక, 2017 జనవరిలో కోటీ ఇరవై లక్షల పేజీలు ఆన్‌లైన్‌లో పెట్టారు. ఈ ఒక్క పనికే మూడు మార్కులు.

వెతుకులాట మాత్రం నరకం. పాత టైపు కాగితాల్ని స్కాన్ చేసి అక్షరాల్ని మెషీన్‌తో గుర్తించారు. మసకబారిన చోట అది ఏం చదివిందో దానికే తెలియాలి. పేరు సరిగ్గా కొట్టినా రాదు, ఒక అక్షరం తప్పుగా కొడితే వస్తుంది. శీర్షికలు చాలావాటికి 'మెమోరాండం' అనే ఉంటాయి. ఫైలు సూచిక లేని రికార్డు రూమ్‌లో పనిచేసినవాళ్లకి ఈ బాధ కొత్త కాదు.

ఇక ఖాళీలు. పేజీ నెత్తిన 'కొన్ని భాగాలు తీసేసి విడుదలకు ఆమోదించిన ప్రతి' అనే అర్థంలో ఒక ముద్ర, తేదీ ఉంటాయి. దాని కింద ఒక్కోసారి రెండు వాక్యాలు, మధ్యలో అరపేజీ తెలుపు, చివర సంతకం గీకిన చోట ఇంకో తెలుపు. ఫ్యామిలీ జ్యుయల్స్‌లోనే మొదట్లో మొత్తం తీసేసిన భాగం ఉంది. ఆ కట్టని నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ అనే పరిశోధన సంస్థ 1992లో అడిగితే, ఇచ్చింది 2007 జూన్‌లో. అక్కడి సమాచార చట్టం ప్రకారం గడువు ఇరవై పనిదినాలు. మన సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ముప్పై రోజుల్లో జవాబు రాలేదని నా టేబుల్ ముందు కేకలేసినవాళ్లు గుర్తొచ్చారు. అయితే మన చట్టంలో 24వ సెక్షన్, రెండో షెడ్యూలు ఐబీని, రా‌ని దాదాపు పూర్తిగా గేటు బయట పెట్టేశాయి. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలుంటే తప్ప అడగడానికే లేదు. అక్కడ అడగొచ్చు, విదేశీయులు కూడా అడగొచ్చు. కాకపోతే 'అలాంటి రికార్డు ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం' అనే జవాబు రావచ్చు. ఆ జవాబు పుట్టిందే కోల్బీ ఓడ కథని ఆపించిన కాగితాలు ఇమ్మని ఒక విలేఖరి అడిగినప్పుడు. గ్లోమార్ జవాబు అనే అంటారు దాన్ని.

అందుకే ఈ రీడింగ్ రూమ్ కోల్బీ తీరులోనే ఉందనిపిస్తుంది. సూటిగా అడిగితే ఇస్తుంది, అడగనిది తనంతట తాను చూపించదు, ఇవ్వకూడదు అనుకున్న చోట తెల్ల కాగితం పెట్టి ఊరుకుంటుంది. సరదాగా తిరిగి చూద్దామని వెళ్లేవాళ్లు పది నిమిషాల్లో మూసేస్తారు. తేదీ, పేరు చేతిలో పెట్టుకుని వెళ్లేవాళ్లకి పండగ.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. జ్యుయల్స్ కట్టని ఫోన్‌లో తెరవొద్దు, కళ్లు పోతాయి. పెద్ద స్క్రీన్ మీద తెరిచి, 1973 మే 16 నాటి సెక్యూరిటీ డైరెక్టర్ మెమోతో మొదలుపెట్టండి, మొత్తం కట్టకి అదే మంచి దారి. చర్చ్ కమిటీ నివేదికల కోసం మాత్రం ఇక్కడ టైం వేస్ట్ చేసుకోవద్దు, అవి సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ సైట్‌లో శుభ్రంగా దొరుకుతాయి.